డ్రమ్ము తిరుగుతోంది, వేడి మాత్రం రావడం లేదు: ముందుగా బ్రేకర్ చూడండి

అమెరికాలోని మీ ఇంటి ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌లో డ్రమ్ము మామూలుగా తిరుగుతున్నా బట్టలు తడిగానే ఉంటున్నాయంటే, సాకెట్‌కు వచ్చే రెండు లైవ్ వైర్లలో ఒకదానికి కరెంటు అందకపోయి ఉండవచ్చు. ఇలాంటి డ్రయ్యర్లలో మోటారుకు 120 వోల్టులు సరిపోతాయి, హీటరుకు మాత్రం 240 వోల్టులు కావాలి.

1. డ్రయ్యర్ బ్రేకర్ (కరెంటు మితిమీరితే ట్రిప్ అయి, అంటే తనంతట తానే ఆగిపోయి, సరఫరా నిలిపే స్విచ్) పిడి ఆన్ వైపే ఉన్నట్టు కనిపించడంతో చాలామంది దాన్ని పట్టించుకోరు. ట్రిప్ అయిన పిడి కొన్నిసార్లు ఆన్‌కు దగ్గరగానే ఆగిపోతుంది కాబట్టి, దానిని పూర్తిగా ఆఫ్ వైపుకు గట్టిగా నెట్టి, ఆ తరువాతే ఆన్ చేయండి. వెంటనే మళ్ళీ ట్రిప్ అయితే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

2. అప్పటికీ వేడి రాకపోతే సాకెట్‌లో రెండు లైవ్‌ల మధ్య 240 వోల్టులు ఉన్నాయో లేదో చూడాలి. మీటరు వాడే అలవాటు లేకపోతే ఈ పని కూడా ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

3. సరఫరా సరిగా ఉంటే, ప్లగ్ తీసి, హీటరు దగ్గరున్న థర్మల్ కటాఫ్‌నూ (వేడి మితిమీరితే కరెంటును ఆపే భాగం) హీటరునూ వైర్లు ఊడదీసి మరీ మీటరుతో నిరోధం కొలవండి. కటాఫ్ దాదాపు సున్నా, హీటరు సుమారు 10 ఓమ్‌లు చూపాలి.

కటాఫ్ పోయి ఉంటే, కొత్తది వేసే ముందు గోడ బయటి వరకూ గాలి గొట్టంలోని నూగునంతా తప్పక తీయండి. లేకపోతే అదీ కాలిపోతుంది.