స్పీకర్లు బిగించే ముందు ఒక్కసారి చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. కొత్త మోటారు సైకిలుకు పాటల పెట్టె బిగించుకుని స్నేహితులతో శ్రీశైలం వెళ్తున్నావని చెప్పింది. ఆ రెండు మాటలూ కలిపి వినేసరికి నాకు ముద్ద దిగలేదు. సొంత సంపాదనతో బండి కొన్నావు, వైరింగ్ కూడా నేనే చేసుకుంటానన్నావట. అది విని గుండె ఉప్పొంగిన మాటా నిజమే. ముప్పై ఒక్క ఏళ్లు ఆటోనగర్‌లో వైర్ల మధ్య కూర్చున్నాను. మన ఇంట్లో ఇంకొకరు ఆ పని మీద చెయ్యి వేస్తారని అనుకోలేదు. ఫోనులో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

వద్దని చెప్పడానికి కాదు. ముందు సామాను సంగతి చూద్దాం.

అట్ట పెట్టె మీద 500 వాట్లు, 1000 వాట్లు అని రాసి ఉంటుంది. దాన్ని చూడకు. ఆర్‌ఎంఎస్ అని చిన్న అక్షరాల్లో ఉండే అంకె ఒక్కటే నిజం, ఆగకుండా ఎంతసేపైనా ఇవ్వగలిగిన శక్తి అదే. ఒక్కో స్పీకరుకు 20 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉంటే నీ బండికి ధారాళంగా సరిపోతుంది. పాటను పెంచి స్పీకర్లకు పంపే ఆంప్లిఫయరు క్లాస్ డి రకం తీసుకో. పాత రకాలు తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడిగా పారబోస్తాయి, ఇది చాలా తక్కువ వృథా చేస్తుంది. స్పీకర్లు 4 ఓమ్‌లవైతే ఆంప్లిఫయరు కూడా 4 ఓమ్‌లకు తట్టుకునేదై ఉండాలి. కాగితం కోను వద్దు, ఒక్క వానకు ఉబ్బిపోతుంది. నీళ్లకు తట్టుకునే గుర్తు ఐపీఎక్స్6 గానీ అంతకంటే మెరుగైనది గానీ చూసి కొను. నట్లు నైలాన్ లాక్ ఉన్నవి వాడు, కింద రబ్బరు వాషరు వెయ్యి. సామాను గురించి ఇంతే.

బరువు మాత్రం హ్యాండిల్ మీద ఎక్కువ మోపకు. బ్రేకు గొట్టానికీ క్లచ్ కేబులుకూ ఏదీ తగలకూడదు. హోండా గోల్డ్ వింగ్ లాంటి పెద్ద బండ్లకు కంపెనీ వాళ్లే పాటలు పెట్టి అమ్ముతారు కదా అంటావేమో. ఆ బండికి ముందు గాలిని ఆపే పెద్ద కవచం ఉంటుంది. ఆ బరువుకు తగిన చట్రం, అంత కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు పెట్టి కడతారు. నీది 350 సీసీ. అరవై దాటితే గాలి హోరులో పాట కొట్టుకుపోతుంది, వినపడటం లేదని నువ్వు ఇంకా పెంచుతావు. అప్పుడు వెనక నుంచి లారీ హారన్ కొట్టినా నీకు తెలియదు. నీ ఒక్కడికే పాట కావాలంటే హెల్మెట్ లోపల పెట్టే బ్లూటూత్ స్పీకర్లు చాలు, అవి కూడా హారన్ వినపడేంత తక్కువలో పెట్టుకో. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు నలుగురూ వినాలనే బండికి పెడుతున్నావని నాకు తెలుసు. మేమూ అందుకే పెట్టాం.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు.

1995, కార్తీక మాసం. నాకు ఇరవై ఆరు, మీ నాన్నకు పందొమ్మిది. నా బుల్లెట్‌కు కారు టేపురికార్డరు ఒకటి బిగించాను. రేకుతో డబ్బా చేయించి టాంకు ముందు కూర్చోబెట్టాను, లెగ్ గార్డుకు రెండు స్పీకర్లు కట్టాను. చూసిన వాళ్లందరూ మెచ్చుకున్నారు. ఇద్దరం శ్రీశైలం బయలుదేరాం. గుంటూరు దాటగానే పాట ఆగింది. చూస్తే గాజు ఫ్యూజు పోయింది. కొత్తది వేశాను. నరసరావుపేట దాటాక అదీ పోయింది. నా దగ్గర ఇంకొకటి ఉంది, అది వినుకొండ వరకు వచ్చింది. ప్రతిసారీ హ్యాండిల్ బాగా తిప్పినప్పుడే పోతోందని మీ నాన్న గమనించి చెప్పాడు. "ఎక్కడో వైరు ఇనుముకు తగిలి ఎర్త్ కొడుతోంది అన్నయ్యా, చూద్దాం" అన్నాడు. నేను అప్పటికే ఆరేళ్ల పనివాణ్ణి. పనిలో లేనివాడు నాకు చెప్పడమేమిటని అనుకున్నాను. టీ కొట్టు దగ్గర కింద పడి ఉన్న సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం తీసి, పోయిన ఫ్యూజుకు చుట్టి, మళ్లీ పెట్టేశాను. పాట వచ్చింది. మార్కాపురం దాటాం, దోర్నాల దాటాం, చీకటి పడింది, ఘాట్ మొదలైంది.

ఘాట్ అంటే మలుపులే కదా. మలుపు మలుపుకూ హ్యాండిల్ తిరుగుతోంది. స్టీరింగ్ మెడ దగ్గర నేను బిగుతుగా లాగి కట్టిన వైరు చట్రం అంచుకు రాసుకుంటోంది. పైతొడుగు ఎప్పుడో అరిగిపోయింది. ఫ్యూజు మూడుసార్లు కాలిపోయి చెప్పింది అదే. నాలుగోసారి చెప్పడానికి అది లేదు. ఒక పెద్ద మలుపులో రాగి తీగ ఇనుముకు తగిలి అంటుకుపోయింది. బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ ఒక్క తీగలోంచి పోయింది. ముందు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే హెడ్‌లైటు ఆరిపోయింది, ఇంజనూ ఆగిపోయింది. అమావాస్య దగ్గరి రోజులు. నల్లమలలో ఆ చీకటి ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. బండి ఎటు పోతోందో నాకు కనిపించలేదు. కొండ వైపు రాళ్లకు తగిలి ఆగింది, లోయ వైపు కాకుండా. అది నా నేర్పు కాదు.

ఆ చీకట్లో కనిపించింది ఒక్కటే, టాంకు కింద ఎర్రగా కాలుతున్న గీత. పైన పది లీటర్ల పెట్రోలు ఉంది. నేను కొయ్యబారిపోయాను. మీ నాన్న వెనక నుంచి దూకి, సీటు కింద చెయ్యి పెట్టి, బ్యాటరీ దగ్గర ఆ వైరును పిడికిలితో పట్టుకుని పెరికేశాడు.

మీ నాన్న కుడి అరచేతిలో అడ్డంగా ఒక మచ్చ ఉంటుంది, చూశావు కదా. సైలెన్సరు తగిలిందని నీకు చెప్పి ఉంటాడు. సైలెన్సరు అంత సన్నని గీత గీస్తుందా చిన్నా? అది నేను కట్టిన వైరు.

కొంతసేపటికి దిగి వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది. కండక్టరు తన సీసాలో నీళ్లన్నీ ఆ చేతి మీద పోశాడు. మార్కాపురంలో కట్టు కట్టించాం. ఇంటికి వచ్చాక నెల రోజులు మా అమ్మే అన్నం కలిపి వాడికి ముద్దలు పెట్టింది. పెడుతూ పెడుతూ ఎలా కాలిందిరా అని అడిగేది. సైలెన్సరమ్మా అనేవాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేను చెప్పేసేవాణ్ణేమో.

సరే. ఇప్పుడు నీ పని.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకో. హెడ్‌లైటు వైరును కోసి అతికించడం లాంటివి చెయ్యకు. అలా కోస్తే కంపెనీ వారంటీ కూడా ఇవ్వనంటుంది, ముందే సర్వీస్ సెంటరులో అడుగు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. ఆంప్లిఫయరు పక్కన పెడితే లాభం లేదు, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు కాపలా ఎవరు? ఫ్యూజు ఉన్నది స్పీకరు కోసం కాదు, వైరు కోసం. రెండు స్పీకర్లకు కలిపి నలభై వాట్ల పాటకు నాలుగు ఆంపియర్ల లోపే పడుతుంది, 5 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగిది. ఫ్యూజు పోతే ఒక్కసారి మార్చు. రెండోసారి పోతే పాట మానేసి బండి పక్కకు ఆపు, కారణం దొరికేదాకా మూడోది వెయ్యకు. పెద్ద ఫ్యూజు వేసినా, వెండి కాగితం చుట్టినా నాతో మాట్లాడవద్దు.

బండి తాళం ఆఫ్ చేస్తే పాట కూడా ఆగిపోవాలి కాబట్టి రిలే పెట్టు, అది తాళంతో పనిచేసే స్విచ్చు లాంటిది. దాని కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే కరెంటు, 87 నుంచి ఆంప్లిఫయరుకు, 86కు తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే సన్న వైరు, 85 ఎర్త్. ఆంప్లిఫయరు ఎర్త్‌ను రంగు వేసిన బోల్టుకు కాకుండా బ్యాటరీ మైనస్‌కే తెచ్చుకో. జాయింట్లకు టంకం పెట్టి, మీద వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించు. ఉత్త టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

స్టీరింగ్ మెడ దగ్గర వైరును వదులుగా, చిన్న ఉంగరంలా వదిలి, ముడతల గొట్టం తొడుగు. తర్వాత హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పు. ఒకసారి కాదు, యాభై సార్లు. తిప్పుతూ రెండో చేతిని వైరు మీద ఉంచు. ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ రాసుకుంటోందో కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. ఇంజను తలకూ సైలెన్సరుకూ దూరంగా పోనివ్వు. ఇంటికి వచ్చిన వారానికి మళ్లీ టాంకు ఎత్తి చూడు.

బ్యాటరీ గురించి ఒక మాట. మా రోజుల్లో బ్యాటరీ నీరసించినా కిక్ కొట్టో, తోసో ఎలాగోలా లేపేవాళ్లం. నీ బండికి కిక్ రాడ్డే లేదు. పెట్రోలును ఇంజనులోకి పంపే పంపు కూడా కరెంటుతోనే తిరుగుతుంది, బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసినా లేవదు. ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపి గంటసేపు పాటలు పెట్టకు. మీటరుతో చూస్తే ఇంజను ఆపినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, కొంచెం రేజ్ చేసినప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. లైటు, పాట రెండూ పెట్టి రేజ్ చేసినా 13 దాటకపోతే, ఆ పాట బ్యాటరీని తింటోందని లెక్క.

ఆసుపత్రి, బడి, కోర్టులకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం, అక్కడ ఆపేయి. రాత్రి పది తర్వాత ఇళ్ల మధ్య కూడా వద్దు. హైదరాబాద్ దారిలో వెళ్తే మన్ననూరు దాటాక అసలే వద్దు, అది పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు అక్కడ గేటు వేస్తారు, దాన్ని అందుకోవాలని బండి తరమకు. వెలుతురు ఉండగానే ఘాట్ దాటు. ఇది నా కోసం.

నా పాత మల్టీమీటరు, రెండు ఫ్యూజు హోల్డర్లు, 5 ఆంపియర్ల ఫ్యూజులు పది కొరియరులో పంపుతున్నాను. మీటరు ఎర్ర పిన్ను కొంచెం వదులు, నొక్కి పట్టుకో. పని అయ్యాక టాంకు పెట్టకముందే వైర్ల ఫోటోలు తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే బిగించు.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు. మా అమ్మ పోయి పదేళ్లు దాటింది. ఆ సైలెన్సరు మాట ఇక మానెయ్యమని నేను చెప్పానని చెప్పు.

మీ పెదనాన్న