కారులో కంప్యూటరా? ముందు కరెంటు సంగతి చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే, దాదాపు అన్నీ సౌండ్ సిస్టమ్ మీదే. పండక్కి ఊరెళ్ళే ముందు అందరికీ కారు గుర్తొస్తుంది కాబోలు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

రాజాం నుంచి: నాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ స్టీరియో పీకేసి, ఇంట్లో ఖాళీగా పడున్న రాస్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక 7 అంగుళాల టచ్ స్క్రీన్, నాలుగు చానళ్ల యాంప్లిఫయర్ పెట్టి సొంతంగా సిస్టమ్ చేసుకుందామనుకుంటున్నాను. పాటలు, మ్యాప్, రివర్స్ కెమెరా అన్నీ ఒకే స్క్రీన్ మీద రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్లో మొబైల్ చార్జర్ పెడితే ఆ పై 4కి పవర్ సరిపోతుందని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా సార్?

జవాబు: మిగతా విషయాల్లో మీ స్నేహితుడి మాట వినండి, ఇందులో వద్దు. కారు బ్యాటరీని 12 వోల్టులు అంటాం గానీ అది ఎప్పుడూ 12 దగ్గర కుదురుగా ఉండదు. ఇంజన్ నడుస్తుంటే దాదాపు 14 ఉంటుంది, సెల్ఫ్ కొట్టిన ఆ ఒకటి రెండు సెకన్లు 9 దాకా, బ్యాటరీ పాతదైతే ఇంకా కిందికి పడిపోతుంది. పైగా చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ సాకెట్‌కి కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు నిలకడగా కావాలి, 4.63 వోల్టుల కంటే తగ్గితే అదే స్క్రీన్ మీద మెరుపు గుర్తు చూపిస్తుంది. అంటే మీరు తాళం తిప్పిన ప్రతిసారీ మీ కంప్యూటర్ చచ్చి బతుకుతుంది.

ఆపేటప్పుడు ఇంకో తంటా. తాళం తీయగానే కరెంటు టక్కున పోతే, సరిగ్గా అప్పుడే మెమరీ కార్డు మీద ఏదైనా రాస్తూ ఉంటే కార్డు పాడవుతుంది. ఈ రోజు కాకపోతే వచ్చే నెల. అందుకని రెండు వైర్లు వాడాలి. స్టీరియో వెనక కప్లర్‌లో ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. బయట కొన్న స్టీరియోలకి మొదటిది పసుపు, రెండోది ఎరుపు, ఎర్త్ నలుపు. కారు కంపెనీ వేసిన వైర్లకి మాత్రం ఈ రంగులు వర్తించకపోవచ్చు, మల్టీమీటర్ పెట్టి చూసుకోకుండా ఏదీ కలపొద్దు. కార్ల కోసమే చేసిన పవర్ బోర్డులు దొరుకుతాయి. అవి పసుపు వైరు నుంచి కరెంటు తీసుకుని, ఎరుపు వైరులో కరెంటు పోయిందని గమనించి, పై 4కి షట్‌డౌన్ అవ్వమని చెప్పి, కొంచెం ఆగి మొత్తం లైను తెంపేస్తాయి. అలాంటిది కొనండి. దానికి తోడు రాస్పి-కాన్ఫిగ్ అనే పై 4 సెట్టింగుల మెనూలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఒక ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, పాటలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. అన్నీ సెట్ చేసుకున్నాకే ఆన్ చేయండి, లేకపోతే మార్చిన సెట్టింగులు మళ్ళీ ఆన్ చేసేసరికి మాయం.

పై 4కి హెడ్‌ఫోన్ జాక్ ఉంది గానీ యాంప్లిఫయర్‌కి ఇవ్వడానికి ఆ సౌండ్ ఆనదు, చిన్న యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటని సౌండ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) ఒకటి పెట్టుకోండి. ఎవరైనా పై 5 కొందామని చూస్తుంటే వాళ్ళకీ ఒక మాట: దానికి ఆ జాక్ అసలు లేదు, పైగా 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు అడుగుతుంది. ఇక పాటలకి కోడి (Kodi) అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ హాయిగా నడుస్తుంది. మ్యాప్‌కి మాత్రం ఫోనే మేలని నా అభిప్రాయం, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేవాళ్ళు ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోవాలి. రివర్స్ కెమెరాని ఈ పై 4కి తగిలించొద్దు. పై 4 లేచి నిలబడడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు, మీరు తాళం తిప్పగానే రివర్స్ గేరు వేస్తారు, వెనక పిల్లాడుంటే ఆ అర నిమిషం ఎవరిది? కెమెరాకి విడిగా అద్దం మీద చిన్న స్క్రీన్ పెట్టించుకోండి.

ఇప్పుడు యాంప్లిఫయర్. చానల్‌కి 50 వాట్లు ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) అంటే నాలుగూ కలిపి 200. లోపల వేడిగా పోయేది కలుపుకుంటే క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) అయితే బ్యాటరీ నుంచి 18 ఆంపియర్ల దాకా, క్లాస్ ఏబీ (ఎక్కువ వేడెక్కే రకం) అయితే 26 దాకా లాగుతుంది. ఫుల్ సౌండ్ పెట్టినప్పటి లెక్క ఇది, మామూలుగా అంత లాగదు, కానీ వైరు దీనికి తగ్గట్టే ఉండాలి. బ్యాటరీ నుంచి నేరుగా 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగండి. రాగి అంటే రాగే. వైరింగ్ కిట్లు చాలావాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది, బ్లేడుతో కొస గీరి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదే మందంలో అది అంత కరెంటు మోయలేదు, వేడెక్కుతుంది. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు యాంప్లిఫయర్ని కాపాడడానికి కాదు, ఆ వైరుని కాపాడడానికి. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రేకు కంతలో రబ్బరు రింగు లేకుండా వైరు దూర్చారంటే, బండి ఊగినప్పుడల్లా రేకు అంచు వైరు తోలుని కోస్తూ ఉంటుంది. ఫ్యూజు డిక్కీలో యాంప్లిఫయర్ పక్కన పెట్టి ఊరుకున్నారనుకోండి, వైరు తెగిన చోట షార్ట్ అయితే ఆపేవాడెవడూ ఉండడు. కార్లు తగలబడేది ఇలాగే.

ఇంకో జాగ్రత్త. స్టీరింగ్ కింద, సీట్ల కింద పసుపు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. టెస్ట్ ల్యాంప్ కూడా దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

టెక్కలి నుంచి: 4000 వాట్ల స్టీరియో అని అట్ట మీద రాసుంది, కొన్నాను. ఇంట్లో మా పాత టేప్‌రికార్డరే నయం. మోసమా?

జవాబు: అట్ట మీద రాసింది పీఎంపీఓ, అంటే ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ పవర్ పేరుతో వేసే అంకె, దానికి కొలతా పాడూ ఏం లేదు. స్టీరియో వెనక ఫ్యూజు చూడండి, 10 గానీ 15 గానీ ఉంటుంది. 15 ఆంపియర్లని 14 వోల్టులతో గుణించండి, 210 వాట్లు. లోపలికి వెళ్ళేదే 210 అయితే బయటికి 4000 ఎక్కడినుంచి వస్తాయి? మామూలు స్టీరియో స్పీకర్‌కి 20 వాట్ల ఆర్ఎంఎస్ ఇస్తే గొప్ప, అది చాలు కూడా. ఎందుకంటే వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుందంతే. సౌండ్ రెండింతలైనట్టు వినిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి.

కళింగపట్నం నుంచి: ముందు డోర్లలో మంచి 6.5 అంగుళాల స్పీకర్లు వేయించాను. బేస్ రావట్లేదు, వాల్యూమ్ పెంచితే డోర్ గలగలలాడుతోంది. యాంప్లిఫయర్ పెడితే పోతుందా?

జవాబు: పోదు, ఇంకా ఎక్కువ గలగలలాడుతుంది. తప్పు డోర్‌ది. డోర్ ప్యాడ్ విప్పి బయటి రేకుని వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖాళీ నూనె డబ్బాలా మోగుతుంది. స్పీకర్ ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి డోర్‌లోని పెద్ద కంతల్లోంచి కలిసిపోయి ఒకదాన్నొకటి చంపేస్తాయి. బేస్ పోయేది అక్కడే. బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురు తగ్గించే జిగురు రబ్బరు షీటు) తెచ్చి, బయటి రేకు లోపలి వైపు నూనె, దుమ్ము పోయేలా స్పిరిట్‌తో తుడిచి, షీటు అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కాలి. రేకంతా కప్పక్కర్లేదు, పావు వంతు నుంచి సగం దాకా కప్పితే మోత పోతుంది. తర్వాత లోపలి కంతలు మూయాలి. అయ్యాక మళ్ళీ కొట్టండి, దబ్ మని చచ్చు శబ్దం రావాలి. స్పీకర్ ఎలా ఉందో చూడాలంటే సినిమా పాటలు కాదు, ఎవరిదైనా తప్పెటగుళ్ల రికార్డింగ్ పెట్టండి, తప్పెట దెబ్బ విడివిడిగా తెగి వినిపించిందా, డోర్ బాగైనట్టు.

మీది సముద్రం ఒడ్డు, అందుకని రెండు పనులు తప్పనిసరి. డోర్ అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, షీటు వాటి మీదికి రాకూడదు, వస్తే వాననీళ్ళు లోపలే నిలిచి ఉప్పుగాలితో కలిసి అడుగు రేకుని తినేస్తాయి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. మీ గాలికి రాగి ఆకుపచ్చగా మారి, టేపు జిగురు కారి, అక్కడినుంచి ఒక స్పీకర్ వచ్చిపోతూ ఉంటుంది. లగ్ (వైరు కొసకి నొక్కే లోహపు తొడుగు) పెట్టి నొక్కించి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి.

ఆమదాలవలస నుంచి: యాంప్లిఫయర్ పెట్టించినప్పటి నుంచి ఇంజన్ రేజ్ చేస్తే స్పీకర్లో కుయ్ మని ఈల వస్తోంది. షాపులో "అది అంతే" అన్నారు. ఏటి చేయమంటారు?

జవాబు: అది అంతే కాదు. ఈల ఇంజన్‌తో పాటు పెరిగి తగ్గుతోందంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసేది) శబ్దం ఆడియో లైన్లోకి దూరుతోందని. యాంప్లిఫయర్ ఆఫ్ చేసి ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కి పాట మోసేవి) పీకి మళ్ళీ ఆన్ చేయండి. ఈల ఆగితే తప్పు స్టీరియో వైపో, వైరు దారిలోనో ఉంది. ఆగకపోతే యాంప్లిఫయర్ ఎర్త్‌లో ఉంది. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి మెరిసే రేకు కనిపించాలి, వైరు రెండు అడుగులు దాటకూడదు, చాలా షాపుల్లో రంగు మీదే బిగించేస్తారు. ఆర్‌సీఏ వైరు ఒక పక్క గుమ్మం కిందనుంచి, పవర్ వైరు ఇంకో పక్కనుంచి రావాలి. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెడితే ఈల పోతుంది నిజమే, కొన్నిట్లో దాంతోపాటు బేస్ కూడా తగ్గుతుంది. చివరి మందుగా వాడండి.

సాలూరు నుంచి: మాది లారీ. 24 వోల్టుల బండి కదా, స్టీరియోకి ఒక బ్యాటరీ నుంచి 12 తీసి ఇచ్చారు. బ్యాటరీలు తరచూ పోతున్నాయి. సంబంధం ఉందా?

జవాబు: ఉంది. రెండు బ్యాటరీలు వరసలో ఉంటాయి, చార్జింగ్ రెండింటికీ సమానంగా వెళ్తుంది, మీరు మాత్రం ఒకదాన్నే వాడుకుంటున్నారు. వాడినది ఎప్పటికీ నిండదు, వాడనిది ఎక్కువ చార్జింగ్ తిని నీళ్ళు మరిగిపోతుంది. రెండూ పోతాయి. 24 నుంచి 12కి కన్వర్టర్ పెట్టించి స్టీరియోని దాని మీద నడపండి. బాడీలు కట్టడంలో అంత పేరున్న ఊళ్ళో ఇది చేసే ఎలక్ట్రీషియన్ దొరక్కపోడు.

విజయనగరం నుంచి: ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాక, బండి రెండు రోజులు తీయకపోతే స్టార్ట్ అవ్వట్లేదు. బ్యాటరీ మార్చినా అంతే.

జవాబు: స్టీరియో నిద్రపోవట్లేదు. చాలాచోట్ల పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి ముడేస్తారు, అప్పుడు తాళం తీసినా దానికి తెలియదు. అర ఆంపియర్ లాగినా రోజుకి 12 ఏహెచ్ (ఆంపియర్-గంటలు), చిన్న కారు బ్యాటరీ 35 ఏహెచ్, మూడో రోజు పొద్దున్న మీ పరిస్థితే. బండి ఆపి, తలుపులు వేసి, బ్యాటరీ నెగెటివ్‌కి, దాని వైరుకి మధ్య మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి అరగంట ఆగి చూడండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మంచిదే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూస్తే దొంగ దొరుకుతాడు. మీటర్ తగిలించి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

పలాస నుంచి ఒక అమ్మ: మా అబ్బాయి డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ పెట్టించాడు. రాత్రి పదకొండుకి వీధిలోకి వస్తే కిటికీలు అదురుతున్నాయి. మీరైనా చెప్పండి.

జవాబు: అమ్మా, అబ్బాయికి ఈ పేజీ చూపించండి. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఇళ్ళున్నచోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. బాబూ, 100 డెసిబెల్స్ దగ్గర చెవికి క్షేమం పావుగంటే. వీధి మలుపులో సబ్‌ నాబ్ తగ్గించెయ్, పాట నీకు వినిపిస్తూనే ఉంటుంది.

బొబ్బిలి నుంచి: ఖర్చు ఎక్కువ పెట్టలేను. ముందు ఏది చేయించాలి?

జవాబు: కంపెనీ స్టీరియో ఉంచేయండి. ముందు డోర్ల స్పీకర్లు, సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత సౌండ్ ఇస్తుందో) 90 డెసిబెల్స్ పైన ఉన్నవి తీసుకోండి, ఆ రెండు డోర్లకి డ్యాంపింగ్. వెనక స్పీకర్ల గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. వైర్లు కోయకుండా మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ కొనిపించండి. తర్వాత ఎప్పుడైనా యాంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం ఉంటే డోర్లోకి మంచి స్పీకర్ వైరు ఇప్పుడే లాగించేయండి, డోర్ ప్యాడ్ క్లిప్పులు రెండోసారి విప్పితే సగం విరిగి చేతికొస్తాయి.