మిద్దె మీది పిట్టల కోసం, మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి పాపకు అత్త ఆశీస్సులు.

కర్నూలులో మిద్దె మీది పోర్షన్‌కు మారావని, కెమెరా కూడా కొన్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఈ చలికాలమంతా పిట్టల ఫోటోలు తీయాలని ఉందట, ఏ గింజలు పెట్టాలో అత్తను అడగమన్నావట. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. గింజల సంగతి తర్వాత. ముందు నీళ్ళు పెట్టు.

నువ్వు చూసే వీడియోలు మంచు కురిసే దేశాలవి. అక్కడ నేలంతా మంచు కప్పేస్తే పిట్టకు తిండి దొరకదు, అందుకే డబ్బాల్లో గింజలు నింపి వేలాడదీస్తారు. మనకు ఆ బాధ లేదు. డిసెంబరులో కూడా కర్నూలులో పగటి ఎండ 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. చేలల్లో హింగారి (రబీ) జొన్న కంకి వేస్తూ ఉంటుంది. గింజకూ పురుగుకూ కొరత లేదు. కొరత నీళ్ళకే. మా అనంతపురంలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. ఈశాన్య రుతుపవనాలు పోయాక చిన్న చిన్న కుంటలు ఒక్కొక్కటే ఎండుతూ వస్తాయి. ఇంకో సంగతి, గింజ తినేవి పిచ్చుకలు, గువ్వలు లాంటి కొన్ని రకాలే. పురుగులు తినేవి, పండ్లు తినేవి, పూల తేనె తాగేవి నీ గింజల వైపు తిరిగి కూడా చూడవు. నీళ్ళకు మాత్రం అన్నీ దిగుతాయి.

వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి చాలు. లోతు రెండు అంగుళాలు మించకూడదు, మించితే చిన్న పిట్ట భయపడుతుంది. మధ్యలో గరుకు రాయి ఒకటి పెట్టు, దాని మీద నిలబడి తాగుతాయి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, కాళ్ళు జారతాయి. నీళ్ళు రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది మళ్ళీ నింపు. అలా చేయకపోతే వారం పది రోజుల్లో దోమలను పెంచి ఇరుగుపొరుగుకు పంచినదానివి అవుతావు. పొద్దున్నే తాగడానికి వస్తాయి. స్నానానికి మాత్రం ఎండ కాస్త ముదిరాకే దిగుతాయి కాబట్టి ఆదివారం పది గంటలకు కాఫీ తెచ్చుకుని కూర్చో.

ఈ కాలానికి ప్రత్యేకంగా వచ్చే చుట్టాలు కొందరున్నారు, అక్టోబరు, నవంబరులో ఉత్తర దిక్కు నుంచి దిగి ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతారు. నల్లటి తల, ఎదతో, ఇటుక రంగు పొట్టతో ఒక చిన్న పిట్ట పిట్టగోడ మీద వాలి తోకను ఆగకుండా వణికిస్తుంది. ఇంగ్లీషులో బ్లాక్ రెడ్‌స్టార్ట్ అంటారు. ఆడది మట్టి రంగులో ఉంటుంది, కానీ తోక వణుకు చూసి పట్టేయొచ్చు. మందారం గుబురులో కనబడకుండా ‘చక్, చక్’ అంటూ తిరిగేది ఇంకొకటి, అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. దాని ఫోటో ఈ ఏడాది దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. ఈ రెండూ పురుగులు తినే పిట్టలే. అందుకే కుండీల కింద రాలిన ఆకులను కసువుతో పాటు ఊడ్చేయొద్దు, మొక్కలకు పురుగుమందు కొట్టొద్దు. శుభ్రంగా కడిగి ముగ్గేసిన మిద్దె మీద వాటికి పని ఉండదు.

ఇక గింజలు. సజ్జలు, కొర్రలు, నూకలు, ఇంతే. బజారులో కొనే రంగురంగుల ప్యాకెట్లు అక్కర్లేదు. సజ్జ కంకిని అలాగే దారంతో కట్టి వేలాడదీస్తే పిచ్చుకలు తలకిందులుగా వేలాడి తింటాయి, ఫోటోకు అంతకంటే ఏం కావాలి! మట్టి రంగు వీపు, నల్ల తోక, బూడిద రంగులో మెరిసే లావుపాటి ముక్కు ఉన్న బుల్లి పిట్టలు గుంపుగా వస్తే అవి జీనువాయిలు, మన మెట్ట నేలల్లో బాగా తిరుగుతాయి. వేరుశనగ విత్తులు పెడితే ఉప్పు లేనివి, బూజు పట్టనివి పెట్టు. బూజు పట్టిన విత్తులో విషం ఉంటుంది, మనం తినకూడనిది పిట్టకూ పెట్టకూడదు. మిక్చరు, చిప్స్, మిగిలిన చిత్రాన్నం వద్దు. పండిన బొప్పాయి ముక్క, జామ ముక్క పెడితే పిగిలిపిట్టలు వస్తాయి, తోక కింద ఎర్రగా ఉంటుంది చూడు. రామచిలుక కూడా రావొచ్చు. 2018 నుంచి మన రాష్ట్ర పక్షి అదే. మెడలో గులాబీ పట్టీ ఉంటే మగది, లేకపోతే ఆడదో పిల్లదో. దాన్ని పంజరంలో పెట్టి అమ్మేవాళ్ళు కనబడితే జాలిపడి కొనకు, అలా పెంచడం చట్టప్రకారం నేరం.

పొద్దున గుప్పెడు గింజలే వెయ్యి, సాయంత్రానికి మిగలకూడదు. మిగిలితే రాత్రికి ఎలుకలు, పగలు పావురాలు. పావురాలు ఒకసారి అలవాటు పడితే మిగతా పిట్టలకు చోటివ్వవు, వాటి రెట్ట దుమ్ము మన ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. అవి గుంపు కట్టడం మొదలుపెట్టాయంటే గింజలు మానేసి కంకులు మాత్రమే వేలాడదీయి. ఈకలు ఉబ్బరించుకుని, మనిషి దగ్గరికి వచ్చినా ఎగరలేని పిట్ట కనబడితే జబ్బు ఉన్నట్టు. అప్పుడు గిన్నెలన్నీ కడిగి ఎండబెట్టి రెండు వారాలు ఏమీ పెట్టకు. సంక్రాంతి తర్వాత మిద్దె మీద తెగిపడిన మాంజా దారాలుంటాయి, అన్నీ ఏరేయి.

తేనెపిట్టకు చక్కెర నీళ్ళు పెట్టొద్దు, ఒక మందారం కుండీ, ఒక దానిమ్మ చెట్టు చాలు. ఈ కాలంలో దాన్ని చూసి నువ్వు తికమక పడతావు. నల్లగా నీలంగా మెరవాల్సిన మగ తేనెపిట్ట గూడు పెట్టే కాలం అయిపోయాక ఆ ఈకలు రాల్చేసి, ఆడదాని లాగే పసుపు పొట్టతో ఉంటుంది. తేడా ఒక్కటే, గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి గీత. జనవరి, ఫిబ్రవరి నాటికి మచ్చలు మచ్చలుగా రంగు మారుతూ మళ్ళీ పూర్తిగా నల్లబడుతుంది. వారానికొక ఫోటో తీసి తేదీ వేసి పెట్టుకో. నన్నడిగితే ఎక్కడెక్కడికో తిరిగి తీసే వంద ఫోటోల కంటే ఈ వరస విలువైనది.

ఫోటోల సంగతికి వస్తాను. మొదటి వారం కెమెరా బయటకు తీయకు. ఏ పిట్ట ఎటు నుంచి వస్తుంది, ముందు ఎక్కడ వాలుతుంది, ఎప్పుడు వస్తుంది, ఇవి చూడు. ఏ పిట్టా నేరుగా మూకుడు మీద వాలదు. ముందు పక్కన ఎక్కడో కూర్చుని నాలుగు దిక్కులా చూస్తుంది. ఆ కూర్చునే చోటు నువ్వే ఇవ్వాలి. వంకరగా ఉన్న ఎండు వేప కొమ్మ ఒకటి తెచ్చి, ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చి, మూకుడికి బారెడు దూరంలో పెట్టు. ఫోటో ఆ కొమ్మ మీదే తియ్యి, మూకుడు, గింజలు ఫ్రేములోకి రావు. కొమ్మ వెనకాల కనీసం పదిహేను అడుగుల దాకా ఏ గోడా, వాటర్ ట్యాంకూ లేకుండా చూసుకుంటే వెనక అంతా మెత్తగా మసకబారుతుంది. దూరంగా చెట్టు ఉంటే మరీ మంచిది.

చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి లేస్తాడు, ఎత్తుకు పోడు. నీ వీపు అటు ఉండేలా కూర్చుంటే ఏడు నుంచి తొమ్మిది దాకా వెలుగు చక్కగా ఉంటుంది. నిలబడి పై నుంచి తీయకు, చిన్న పీట వేసుకుని పిట్ట కంటికి సరిసమానంగా కూర్చో. ఫోకస్ కంటి మీదే ఉండాలి. రెక్క మసకబారినా పర్వాలేదు, కన్ను మసకబారితే ఆ ఫోటో తీసేయి. కూర్చున్న పిచ్చుకకు షట్టర్ స్పీడు సెకనులో 500వ వంతు చాలు, స్నానం చేస్తున్నప్పుడు, ఎగిరేటప్పుడు 2000వ వంతు కావాలి. దానికోసం ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సత్తువ) పెంచాల్సి వస్తే పెంచు, ఫోటో నలకలు నలకలుగా కనబడినా పర్వాలేదు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే కెమెరా మోసపోయి పిట్టను నల్లగా తీస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచు. ట్రైపాడ్ కొనకు, పాత ప్యాంటు కాలు కోసి జొన్నలు నింపి కుట్టు, పిట్టగోడ మీద లెన్స్ కింద పెడితే కదలదు. లోపల నుంచి తీసేటప్పుడు కిటికీ అద్దం తెరిచి, కర్టెన్ సందులోంచి లెన్స్ పెట్టు. ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో పిట్ట అరుపు పెట్టి పిలవొద్దు, ఇంకో పిట్ట తన చోటుకు వచ్చిందని హైరానా పడి తిండి మానేసి వెతుక్కుంటుంది. గూడు కనబడితే దూరంగా వచ్చేయి, నువ్వు చేసే దారినే కాకి చూస్తుంది.

ఒక రోజు ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోతుంది. చిన్న డేగ వచ్చిందన్నమాట. అది పిచ్చుకను పట్టుకుపోతే ఏడవకు, దానికీ తిండి కావాలి. పిల్లి సంగతి వేరు. పిల్లి నక్కే మూలకు మూకుడు దగ్గరగా ఉండకూడదు.

ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ళ దగ్గరి పిట్టలను లెక్కపెడతారు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని, చూసినవి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. వచ్చిపోయిన ప్రతిసారీ కొత్త పిట్టగా లెక్కేయకు, అదే పిచ్చుక పదిసార్లు రావొచ్చు. ఒకేసారి కళ్ళ ముందు ఎక్కువలో ఎక్కువ ఎన్ని ఉన్నాయో అది రాయి. పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్‌లో ఫోటో పెడితే చెబుతుంది, కానీ అది చెప్పిందల్లా నమ్మకు.

పాలపిట్ట కావాలన్నావట. అది నీ మిద్దెకు రాదు, ఓర్వకల్లు దారిలో కరెంటు తీగల మీద చూసుకో. జొన్న చేల దగ్గర నల్ల తల, గులాబీ ఒళ్ళు ఉన్న గోరింకల గుంపులు కూడా కనబడతాయి. బూరుగ పూసినప్పుడు అవి ఆ చెట్టు మీదే ఉంటాయి.

సజ్జ కంకులు మీ మామ వచ్చే వారం కర్నూలుకు వచ్చేటప్పుడు పంపిస్తా. మూకుడు మాత్రం అక్కడే కొనుక్కో, బస్సులో పగిలిపోతుంది.

ఇట్లు
అత్త