పెళ్లిరోజు నాడే వరలక్ష్మీ వ్రతం, హోటల్‌కి వెళ్లొద్దంటున్నారు అత్తయ్య

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పెళ్లయి ఈ ఆగస్టుకి 12 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మావారికి తాడితోటలో బట్టల షాపు ఉంది. మామయ్యగారు రెండేళ్ల కిందట పోయారు, అత్తయ్య మాతోనే ఉంటారు. పెళ్లిరోజుకి మేమిద్దరమే బయట భోజనం చేయాలని నా కోరిక. ఈసారి అది వరలక్ష్మీ వ్రతం రోజే వచ్చింది. "వ్రతం చేసుకుని హోటల్ తిండేంటి" అని అత్తయ్య కోప్పడ్డారు. సరుకు కోసం విజయవాడ వెళ్తున్నామని చెప్పేద్దాం అంటారు మావారు. పోయినేడు వెళ్తే బిల్లులో సర్వీస్ ఛార్జి చూసి మేనేజర్‌తో గొడవపడి, ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అసలు ఈ కోరికే తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. పన్నెండేళ్లుగా పిల్లలు, వంట, షాపు, అత్తమామల మందులు అన్నీ చూసుకుంటున్న మనిషి ఏడాదిలో రెండు గంటలు భర్తతో ఒంటరిగా కూర్చోవాలనుకోవడంలో తప్పేముంది? తప్పకుండా వెళ్లండి. కానీ ఆ శుక్రవారం రాత్రి మాత్రం వద్దు, ఆ అబద్ధం అసలే వద్దు.

ముందు అబద్ధం సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అదే. ఆయనకి అది గొడవ లేకుండా బయటపడే దారిలా కనిపిస్తుంది, కానీ భార్యని తీసుకుని భోజనానికి వెళ్లడం తల్లి దగ్గర దాచాల్సిన పని అని మీరిద్దరూ ఒప్పుకున్నట్టే అవుతుంది. పైగా మీది చిన్న ఊరేం కాదు గానీ షాపు ఉన్నవాళ్లని గుర్తుపట్టనివాళ్లు తక్కువ, రెండో రోజుకే ఎవరో ఒకరు "మీ అబ్బాయీ కోడలూ ఫలానా చోట కనిపించారే" అంటారు. అప్పుడు మాట పడేది మీరు, ఆయన కాదు. కాబట్టి "అమ్మా, ఫలానా రోజు మేమిద్దరం బయట భోంచేసి వస్తాం" అని ఆయనే, ఆయన నోటితోనే, కనీసం వారం ముందు చెప్పాలి. మీరు చెప్తే అది కోడలు అడిగిన అనుమతి అవుతుంది, ఆయన చెప్తే కొడుకు చెప్పిన కబురు అవుతుంది.

ఇక అత్తయ్య. మామయ్యగారు పోయాక ఆవిడకి ఈ వ్రతం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఏళ్ల తరబడి కలశం పెట్టి, పూర్ణాలూ పులిహోరా చేసి, ముత్తయిదువలకి వాయనాలిచ్చిన మనిషి ఇప్పుడు పక్కన నిలబడి చూస్తున్నారు. పేరంటానికి ఆవిడని పిలవడం కూడా చాలామంది మానేసి ఉంటారు. మన ఆచారంలో నాకు ఎప్పుడూ కష్టంగా అనిపించే విషయం ఇది. ఆవిడ కోపం హోటల్ మీద కాకపోవచ్చు, ఇంట్లో మిగిలిన ఒక్క పండగ రోజున సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయిపోతుందన్న దిగులు కావచ్చు. ఆ రోజు చారుమతి కథ ఆవిడనే చదవమనండి, తొమ్మిది ముడుల తోరం కట్టుకున్నాక మీ దంపతులు మొదటి అక్షింతలు ఆవిడ చేతే వేయించుకోండి. భర్త లేని మనిషి చేత ఏంటని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి, మీ ఇంటి పెద్ద ఆవిడే. రాత్రికి అందరూ కలిసి ఇంట్లోనే తినండి. అన్ని పిండివంటలు తిన్నాక ఎలాగూ హోటల్లో ఎవరికీ ఆకలి ఉండదు.

మరి మీ భోజనం ఎప్పుడంటే, తిథి చూసుకోండి. ఇంగ్లిష్ తేదీతో పోలిస్తే తిథి ఏటా దాదాపు 11 రోజులు ముందుకొచ్చేస్తుంది, అధిక మాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి వెళ్తుంది. పెళ్లినాటి తేదీ, తిథి మళ్లీ ఒకేరోజున కలవడానికి సాధారణంగా 19 ఏళ్లు పడుతుంది, అంటే మీకు ఈసారి రెండూ వేరువేరు రోజులే. గోడ మీద క్యాలెండర్లో వెతకండి. తిథి నాడు వెళ్తే అత్తయ్యకి కూడా అది నిజమైన పెళ్లిరోజే. అది మళ్లీ శుక్రవారమో, మీ ఇంట్లో నియమం ఉన్న ఇంకో రోజో అయితే ఒకరోజు అటూ ఇటూ జరుపుకోండి.

రాత్రి కాకుండా మధ్యాహ్నం వెళ్లండి. శ్రావణం బట్టల షాపుకి సీజన్, రాత్రి పదింటికి షట్టర్ దించి వచ్చిన మనిషిని మళ్లీ బయల్దేరమంటే ఆయన శరీరం వస్తుంది, మనసు రాదు. వారం మధ్యలో మధ్యాహ్నం పిల్లలు స్కూల్లో ఉంటారు, షాపుని గుమాస్తాకి రెండు గంటలు అప్పగించవచ్చు, గోదావరి కనిపించే కిటికీ పక్క టేబుల్ కూడా తేలిగ్గా దొరుకుతుంది. బఫే వద్దు, ప్లేటు పట్టుకుని తిరగడంతోనే సగం సమయం పోతుంది. స్టాఫ్ అంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి కేక్ కోయించడం ఆయనకి ఇబ్బందైతే బుకింగ్ చేసేటప్పుడే వద్దని చెప్పేయండి.

బిల్లు విషయంలో మీవారికి కోపం రావడంలో న్యాయముంది. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. జీఎస్టీ కట్టాలి, మామూలు రెస్టారెంట్లో అది 5 శాతం. కూర్చునే ముందే "సర్వీస్ ఛార్జి వేస్తారా" అని అడగండి, వేస్తే తీసేయమనండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఆ టేబుల్ దగ్గర మాత్రం గొడవ వద్దని ఇద్దరూ ముందే అనుకోండి. ఖర్చు ఎంతలో ఉండాలో కూడా ఇంట్లోనే అనుకుని వెళ్తే మెనూలో ధర చూసినప్పుడల్లా ఆయన ముఖం మారదు.

మీతో కూడా ఒక మాట. ఏడాదంతా మనసులో పెట్టుకున్న ఫిర్యాదులన్నీ అక్కడ విప్పొద్దు. చాలామంది మగవాళ్లు ఇలాంటి భోజనాల్లో ఫోన్‌లో తల దూర్చేది ఆ భయంతోనే, నా దగ్గరకొచ్చే భర్తల్లో ఎందరో ఈ మాట అన్నారు. ఆయన్ని అడగాలనుకుని అడగని విషయం ఏదైనా ఉంటే అడగండి. నాన్న పోయాక షాపు బరువు ఒక్కడే మోస్తున్నాడు కదా, అదెలా ఉందో బహుశా ఎవరూ అడిగి ఉండరు. ఫొటోలు తీసుకోండి, అత్తయ్యకి మీరే చూపించండి, ఆవిడ కంటే ముందు బంధువులంతా స్టేటస్‌లో చూసేలా చేయొద్దు.

ఇంత చెప్పినా ఆయన అమ్మతో మాట్లాడనంటే అది ఒక్క భోజనం సమస్య కాదు, ఇద్దరూ కలిసి ఎవరైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ముందైతే శ్రావణం రాకముందే, షాపు రద్దీ మొదలవకముందే, ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి.