పావు అంగుళం తక్కువైన బ్లాకులు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ, దానితోపాటు నువ్వు రాసిన మెయిలు, రెండూ చేరాయి. ముందుగా ఒక మాట. నన్ను 'మేడమ్' అనొద్దు. 72 ఏళ్లు వచ్చినా ఆ పిలుపు వినబడితే నా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తాను. మా గుడివాడ వైపు ఈ వయసువాళ్లని పెద్దమ్మా అంటారు. నువ్వూ అలాగే అను.

కథ రెండుసార్లు చదివాను. ఒకసారి కాఫీ తాగుతూ, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. ఆ రెండోసారి కూడా తొమ్మిది పేజీల్లో ఒకటి రెండు చోట్ల తప్ప గీత పెట్టలేదు. మురిసిపోకు. తప్పులు లేక కాదు, పట్టుకుందామంటే ఎక్కడా అంచు దొరకలేదు.

నీ కథేమిటి? అమెరికాలో, ఒహాయోలో ఒక చర్చి కింద గది. మంగళవారం సాయంత్రాలు పన్నెండుమంది ఆడవాళ్లు అక్కడ చేరి క్విల్టులు, అంటే వాళ్ల బొంతలు, కుడతారు. కొత్తగా కాపురానికి వెళ్లిన తెలుగమ్మాయి వాళ్లలో చేరుతుంది. అందరూ మంచివాళ్లే. క్రిస్మస్ పార్టీ రోజున తలా ఒక బ్లాకు (గుడ్డముక్కలు అతికి చేసిన చదరం) కుట్టి కలిపిన క్విల్టు తెచ్చి ఆ అమ్మాయి భుజాల మీద కప్పుతారు. ఆ అమ్మాయి ఏడుస్తుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

అలాంటి గదులు నాకు బొత్తిగా తెలియనివి కావు. పదేళ్ల కిందట మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను. అక్కడికి వెళ్లిన తల్లుల సంగతి నీకు తెలిసిందే. మనవడికి అన్నం పెట్టడం, కిటికీలోంచి మంచు చూడడం, ఇక్కడి సీరియల్ అక్కడ చూడడం. నా వాలకం చూడలేక మా అమ్మాయి వారానికోసారి లైబ్రరీలో కుట్టుపని చేసుకునే ఆడవాళ్ల దగ్గర దింపి వెళ్లేది. వాళ్ల యాస నాకు అర్థమయ్యేది కాదు, నాది వాళ్లకి అర్థమయ్యేది కాదు. ఒకావిడ నా వేళ్లు చూసి, ఏమీ అడగకుండా, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తన అంగుస్తాన్ తీసి నా వేలికి తొడిగింది. అది నాకు వదులైంది. లోపల కొంచెం దూది పెట్టి మళ్లీ తొడిగింది.

డిసెంబరులో వాళ్లూ పార్టీ చేసుకున్నారు. తలా ఒక వంటకం తెచ్చారు (నేను పులిహోర పట్టుకెళ్లాను, కరివేపాకు ఏరి పక్కన పెట్టకుండా తినేశారు పాపం). తిన్నాక ఒక ఆట. ఒక్కొక్కరూ ఒక ఫ్యాట్ క్వార్టర్‌ని రంగు కాగితంలో చుట్టి తెచ్చుకోవాలి. అంటే 18 అంగుళాలకి 22 అంగుళాల గుడ్డముక్క. మనకి జాకెట్టు ముక్క ఎలాగో వాళ్లకి అదలాగ. అందరం గుండ్రంగా కూర్చున్నాం. ఒకావిడ నిలబడి ఒక కథ చదివింది. రైట్ అనే ఇంటిపేరున్న కుటుంబం క్రిస్మస్‌కి ఎక్కడికో బయల్దేరుతుంది. కథలో 'రైట్' అని వినబడితే చేతిలోని పొట్లం కుడిపక్కావిడకి ఇచ్చెయ్యాలి. 'లెఫ్ట్' అంటే ఎడమపక్కకి. చదివే ఆవిడ వేగం పెంచేకొద్దీ పొట్లాలు ఎదురెదురు గుద్దుకుంటాయి, ఒకరి ఒళ్లో మూడు పడతాయి, ఇంకొకరివి ఖాళీ చేతులు. కథ ఆగేసరికి ఎవరి చేతిలో ఏది ఉంటే అది వాళ్లది.

కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, 'ఇంతకీ కథేంటమ్మా?' అని. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నా ఇంగ్లీషు వల్ల కాబోలు అనుకుని మరుసటి వారం నా పక్కావిడని అడిగాను. ఆవిడకీ గుర్తులేదు.

నీ కథ చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. కోపం తెచ్చుకోకు. కుకీల డబ్బా ఇటు నుంచి అటు వెళ్లింది, కానుకలు అటు నుంచి ఇటు వచ్చాయి, కౌగిలింతలు అయ్యాయి, చివర్లో క్విల్టు ఆ అమ్మాయి ఒళ్లో ఆగింది. ఈ ఏడు కాక పోయినేడు జరిగిందన్నా కథలో ఏమీ మారదు. పండగ అంటే ఏటేటా ఒకేలా చేసుకునేది, అందుకే మనకి ఇష్టం. కానీ కథ రాసేవాళ్లకి ఒకేలా జరగని ఏడాది కావాలి.

ఇది నేను పుట్టుకతో నేర్చుకుని రాలేదు. నా మొదటి కథా ఇలాంటిదే. ధనుర్మాసం పట్టాక మా వీధి ఆడవాళ్లు బొంతలు కుట్టేవాళ్లు. పండక్కి ఇంటికి సున్నాలు వేసేటప్పుడు అటక మీంచి పాతవన్నీ దిగేవి. భోగి మంటలోకి ఏది, బొంతలోకి ఏది అన్నది అక్కడే తేలేది. విరిగిన తట్ట, అరిగిన చీపురుకట్ట మంటకి. మెత్తబడ్డ నేత చీర, నాన్న పంచె బొంతకి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అరుగు మీద చాప వేసి, ఉతికి ఆరేసిన బట్టలు నాలుగైదు పొరలు పరిచేవాళ్లు. మంచి చీరలు పైనా కిందా, చిరుగులన్నీ మధ్యలో. మూలలు కదలకుండా బరువులు పెట్టి, ముందు దూరం దూరంగా టాకాలు వేసి, తరవాత చెరో వైపు కూర్చుని సన్నటి కుట్టు వేసుకుంటూ వచ్చేవాళ్లు. ఇదంతా రాశాను. గొబ్బెమ్మలు పెట్టాను, అరిసెల పాకం పెట్టాను, 'అందరూ అక్కచెల్లెళ్లలా మెలిగేవారు' అని ముగించి ఒక పత్రికకి పంపాను. తిరుగుటపాలో వచ్చేసింది. మా అమ్మకి చదివి వినిపిస్తే నవ్వింది. 'మీ పిన్నికీ పక్కింటి అత్తయ్యకీ రెండేళ్లు మాటల్లేవు కదే' అంది.

నిజమే. పిన్ని వాళ్ల గేదె అత్తయ్య పెరట్లో పడి ఆనపపాదు తినేసింది, అక్కడ మొదలైంది. ఆ రెండేళ్లూ ఇద్దరూ బొంత దగ్గరికి మానకుండా వచ్చారు. ఈవిడ ఈ చివర, ఆవిడ ఆ చివర. దారం కావాలంటే 'ఆ ఉండ ఇలా ఇమ్మనవే' అని నా చేత అడిగించేవాళ్లు. చెరో చివర నుంచీ మధ్యకి కుట్టుకుంటూ వచ్చారు. పిన్నిది బియ్యపుగింజంత కుట్టు, అత్తయ్యది చింతగింజంత. రెండూ కలిసిన చోట బొంత మీద ఒక గట్టులాగా తేలింది. ఆ బొంత కప్పుకుని చాలా ఏళ్లు పడుకున్నాను. దీపం ఆర్పాక తడిమితే పిన్ని ఎక్కడ ఆగిందో వేలికి తెలిసేది. కథ అంతా ఆ గట్టు దగ్గర ఉంటే నేను గొబ్బెమ్మల చుట్టూ తిరిగాను.

బొంత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పేపర్లవాళ్లు సంకీర్ణ ప్రభుత్వాలని 'అతుకుల బొంత' అని వెక్కిరిస్తారు. ఒక్క బొంతైనా కుట్టినవాళ్లు ఆ మాట అలా వాడరు. చీర చివికిపోతుంది గానీ అతుకు ఎక్కడికీ పోదు.

ఇక గుడ్డ సంగతి. 'రంగురంగుల అందమైన గుడ్డలు' అని మూడు చోట్ల రాశావు. ఎవరివి? అలబామాలో గీస్ బెండ్ అనే నల్లవాళ్ల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ల క్విల్టులని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీస్తే జనం విరగబడి చూశారు. అందులో మిస్సూరి పెట్‌వే అనే ఆవిడ 1942లో భర్త పోయాక, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలతోనే ఒక క్విల్టు కుట్టుకుంది. దాన్ని గురించి రాసేవాడు గుడ్డ దగ్గర ఆగితే చాలు. అంతకు వందేళ్ల ముందు, 1840ల్లో, స్నేహితులు తలా ఒక బ్లాకు మీద సిరాతో పేరు రాసిచ్చే క్విల్టులు వచ్చాయి. పడమటికి వలస పోతున్నవాళ్లు వాటిని వెంట తీసుకెళ్లేవారు. అక్కడ పేరు దగ్గర ఆగొచ్చు. కానీ నీ మంగళవారం ఆడవాళ్లు దుకాణంలో గజాల లెక్కన కొత్త కాటన్ కొంటారు. ఆ గుడ్డలో ఎవరి చెమటా లేదు. మరి మనిషి ఎక్కడ కనబడాలి? నాకు తోచినంతవరకు, కొలతలో.

ఆ సంగతి నువ్వే రాశావు, కథలో కాదు, మెయిలు చివర. 'మరిచిపోయాను పెద్దగా ముఖ్యం కాదు, ఈ ఏడు మా గ్రూపులో అందరికన్నా పెద్దావిడ బ్లాకులన్నీ పావు అంగుళం తక్కువ వచ్చాయి, ఆవిడకి చూపు ఆనడం లేదు, ఇంకొకావిడ వాటిని ఇంటికి తీసుకెళ్లి సరిచేసింది' అని. ముఖ్యం కాదంటావేంటి తల్లీ! తొమ్మిది పేజీలు చదివి కదలని దాన్ని ఆ రెండు లైన్ల దగ్గర కళ్లజోడు తుడుచుకున్నాను.

ఆ పని ఎంతో నీకు తెలుసు, చదివేవాళ్లకి తెలియదు. కథలో కుట్టి చూపించు. పన్నెండుమంది తలా పన్నెండు ఒకేలాంటి బ్లాకులు కుట్టి పంచుకుంటారు. క్విల్టులో ఇమిడాక బ్లాకు 12 అంగుళాలు ఉండాలంటే చేతికి వచ్చేటప్పుడు పన్నెండున్నర ఉండాలి. అన్ని అతుకుల్లోనూ పావు అంగుళం మాత్రమే లోపలికి పోవాలి. నాలుగు ముక్కల వరసలో మూడు అతుకులు. ఒక్కో అతుకుకి అటూ ఇటూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయిందనుకో, చివరికి అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు ఎగిరిపోతుంది. కంటికి ఆనని తేడా చివరికి పక్క బ్లాకుతో పొసగదు. సరిచెయ్యాలంటే మొత్తం విప్పాలి. విప్పే పనికి వాళ్లు కప్పలని ఎందుకు గుర్తుచేసుకుంటారో, 'రిప్ ఇట్, రిప్ ఇట్' అని ఎందుకు అరుస్తారో కూడా పెట్టు (రిప్ ఇట్ అంటే విప్పెయ్, ఇంగ్లీషు కప్ప అరుపు 'రిబిట్' కూడా అలాగే వినబడుతుంది). ఆ జోకు కథలో సరిగ్గా అక్కడ పడాలి, పెద్దావిడ గదిలో ఉండగా.

పన్నెండుమందినీ పరిచయం చెయ్యకు. నలుగురు చాలు. మిగతావాళ్లు నవ్వులుగా, కుర్చీలుగా ఉంటారు. ఆ తెలుగమ్మాయికి అంత చోటూ వద్దు. ఆమె చూసింది చెబితే సరిపోతుంది, ఆమెకి కానుక ఇవ్వాల్సిన పని లేదు. క్రిస్మస్‌ని రెండుచోట్ల సంక్రాంతితో పోల్చావు, తీసెయ్. పైన నేను పోల్చానంటే ఇది ఉత్తరం, పైగా ముసలిదాన్ని.

నేను పెన్సిల్ పెట్టిన చోట్లలో ఒకటి 'చతురస్ర ఖండం'. బ్లాకుని అలా రాశావు. చదవగానే పదో తరగతి లెక్కల పరీక్ష గుర్తొచ్చింది. బ్లాకు అనే రాయి. బ్యాటింగ్ అంటే క్రికెట్ అనుకుంటారని భయపడితే, లోపల పరిచే దూది పొర అని ఒక్కసారి చెప్పి వదిలెయ్. సగంలో ఆపేసి అలమరలో కుక్కిన క్విల్టులని వాళ్లు యు.ఎఫ్.ఓ.లు (అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్టులు, అంటే పూర్తికానివి) అంటారు చూశావా, అలాంటి మాటలు నువ్వు వింటూ కూడా కథలోకి రానివ్వలేదు. మన ఇళ్లలో సగం కథలు ఆ యు.ఎఫ్.ఓ.లే, నావి ఒక బీరువా నిండా ఉన్నాయి.

తిరగరాసి పంపు. తొందరేం లేదు, పండగ వెళ్లాక అయినా ఫరవాలేదు. ఈలోగా ఒక్క సంగతి మెయిలు పెట్టు, నాకు నిద్ర పట్టడం లేదు. ఆ బ్లాకులు ఇంటికి తీసుకెళ్లి విప్పి మళ్లీ కుట్టినావిడ పెద్దావిడకి చెప్పి తీసుకెళ్లిందా, చెప్పకుండానా? పంచుకునే రోజు పెద్దావిడ తన బ్లాకు చేతిలోకి తీసుకున్నప్పుడు అది తన కుట్టు కాదని పోల్చుకుందా?

ఇట్లు,
మీ పెద్దమ్మ