పరిశోధన చేశాను, ఎవరికి చూపించాలి?

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. లోలకం ఎంత వెడల్పుగా ఊగినా ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి (ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడానికి) పట్టే సమయం, మారదని మా పాఠంలో ఉంది. ఒక మీటరు దారంతో ఇంట్లో చేసి చూశాను. 5 డిగ్రీల దగ్గర వదిలితే పది డోలనాలకు 20.1 సెకన్లు పట్టింది, 40 డిగ్రీల దగ్గర వదిలితే 20.6 సెకన్లు పట్టింది. మళ్లీ మళ్లీ చేసినా అంతే. దీని మీద 34 పేజీల వ్యాసం రాసి, నలభై మంది ప్రొఫెసర్లకు ఒకే ఈమెయిల్‌లో పంపాను. నెల దాటినా ఒక్కరూ జవాబివ్వలేదు. నా పరిశోధన తప్పా? నిపుణుల అభిప్రాయం ఎలా సంపాదించాలి?

జవాబు: మీ కొలత తప్పు కాదు, పాఠమూ తప్పు కాదు. ఆ సూత్రం పక్కన ‘కోణం చిన్నదైనప్పుడు’ అనే షరతు ఉంటుంది, చాలామంది దాన్ని దాటేసి చదువుతారు. కోణం పెరిగితే ఆవర్తన కాలం పెరుగుతుంది: 10 డిగ్రీల దగ్గర సుమారు 0.2 శాతం, 20 దగ్గర 0.8 శాతం, 40 దగ్గర 3.1 శాతం, 60 దగ్గర 7.3 శాతం. ఈ సంగతి పదిహేడో శతాబ్దపు డచ్ శాస్త్రవేత్త హైగెన్స్‌కు తెలుసు. ఎంత వెడల్పుగా ఊగినా కాలం మారకుండా ఉండాలంటే గుండు వృత్తం మీద కాక సైక్లాయిడ్ అనే వక్రం మీద కదలాలని ఆయన 1673లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. కాబట్టి మీరు చూసింది కొత్త విషయం కాదు. అయినా పాఠంలో ఉన్న మాటను కొలిచి చూసి, తేడా వస్తే వదిలిపెట్టకుండా పట్టుకున్నారే, పరిశోధకుడికి కావలసిన గుణం అదే.

ఇప్పుడు మీ అంకెల్ని దగ్గరగా చూద్దాం. 3.1 శాతం లెక్కన 40 డిగ్రీల దగ్గర పది డోలనాలకు 20.7 సెకన్లు పట్టాలి. మీకు 20.6 వచ్చింది. ఆ 0.1 సెకను ఎక్కడికి పోయింది? గాలి నిరోధం వల్ల కోణం ఊపు ఊపుకీ తగ్గుతుంది. 40తో మొదలైనది పదో డోలనానికి 36కు దిగితే మీరు కొలిచింది 40 డిగ్రీల కాలాన్ని కాదు, 40కీ 36కీ మధ్య సగటును. తేడా చాలావరకు అక్కడే ఉండొచ్చు. నిపుణులు ఆసక్తిగా చూసేది ఈ 0.1 సెకనునే. కానీ చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌లో 0.1 నుంచి 0.2 సెకను దాకా అటూ ఇటూ అవుతుంది. అంటే ఆ తేడా నిజంగా ఉందో లేదో ఇప్పటి కొలతలతో చెప్పలేం. ఎవరికైనా రాసే ముందు ప్రయోగాన్ని బాగుచేయండి.

దారాన్ని కడ్డీకి చుట్టి కట్టకండి. ఊగేటప్పుడు అది కడ్డీ మీద చుట్టుకుని విప్పుకుంటూ పొడవును మారుస్తుంది. రెండు చదునైన చెక్క ముక్కల మధ్య గట్టిగా బిగించండి. సాగే నైలాన్ దారం వద్దు. పొడవును బిగించిన చోటు నుంచి గుండు మధ్య బిందువు దాకా కొలవాలి. మీటరులో ఒక సెంటీమీటరు పొరపాటు పడితే కాలంలో అర శాతం తప్పు వస్తుంది. గుండును తోయకూడదు, ఊరికే వదలాలి. వేళ్లు పక్కకు లాగితే అది అండాకారంలో తిరగడం మొదలవుతుంది. అలా తిరిగిన కొలతను పక్కన పెట్టి మళ్లీ చేయండి, కానీ పక్కన పెట్టినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి.

కాలాన్ని ఫోన్ వీడియోతో కొలిస్తే మేలు. సెకనుకు 60 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేము 0.017 సెకను. గుండు చివరికి చేరినప్పుడు కాకుండా, మధ్య గీతను దాటినప్పుడు లెక్కపెట్టండి. చివర అది దాదాపు ఆగి ఉంటుంది, ఏ ఫ్రేములో వెనక్కి తిరిగిందో తెలియదు. మధ్యలో, 40 డిగ్రీల నుంచి వస్తే, ఒక్క ఫ్రేములోనే మూడున్నర సెంటీమీటర్లు కదులుతుంది. ఒక్కో కోణం దగ్గర కనీసం ఎనిమిది సార్లు చేసి, సగటుతో పాటు ఆ ఎనిమిది కొలతలూ ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూపించండి. ప్రతిసారీ మొదటి కోణం, చివరి కోణం రెండూ నమోదు చేయాలి. ఈ చివరి కోణాన్నే చాలామంది మరిచిపోతారు.

ఇక ఉత్తరం సంగతి. మీకు జవాబు రాకపోవడానికి కారణం మీ వయసు కాదు. 34 పేజీలు చదవడానికి ఒక పూట పడుతుంది. పైగా నలభై పేర్లు వరసగా కనిపిస్తే ప్రతి ఒక్కరూ ‘ఇంకెవరో రాస్తారులే’ అనుకుంటారు. ‘నా వ్యాసం మీద మీ అభిప్రాయం చెప్పండి’ అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో చదివేవారికి తెలియదు. మూడు నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ఒక్క ప్రశ్న అడగండి. ఇలా ఉండొచ్చు:

‘నమస్తే మేడమ్. నేను పదో తరగతి విద్యార్థిని. ఒక మీటరు లోలకం ఆవర్తన కాలాన్ని 5 నుంచి 60 డిగ్రీల దాకా ఏడు కోణాల దగ్గర కొలిచాను. 60 దగ్గర ఒక్కో డోలనానికి నా కొలత లెక్క కన్నా 0.02 సెకను తక్కువ వస్తోంది. పది డోలనాల్లో కోణం 60 నుంచి 51కి పడిపోతోంది, నేను మాత్రం మొదటి కోణాన్నే లెక్కలో వేశాను. సగటు కోణం వేస్తే సరిపోతుందా, ఒక్కో డోలనాన్ని విడిగా లెక్కించాలా? గ్రాఫు, కొలతల పట్టిక జత చేశాను.’

ఇంతే చాలు. జతచేసేవి రెండే: ఒక పేజీ సారాంశం, దిద్దని అసలు కొలతల పట్టిక. పెద్ద పేరున్న వారి కన్నా డిగ్రీ విద్యార్థులకు భౌతిక శాస్త్రం ప్రాక్టికల్స్ చేయించే అధ్యాపకులు, పీహెచ్‌డీ చేస్తున్నవారు ఇలాంటి ప్రశ్నకు బాగా జవాబివ్వగలరు. ముందు మీ సైన్సు టీచరుకు చూపించండి. తర్వాత ఇద్దరు ముగ్గురికి, ఎవరికి వారికి విడివిడిగా, పేరు సరిచూసుకుని రాయండి. రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే మరొకరిని అడగండి. జవాబు వస్తే అందులోని ప్రతి అంశానికీ ఏం మార్చారో, మార్చకపోతే ఎందుకు మార్చలేదో తిరిగి రాయండి. వారి అనుమతి లేకుండా వారి పేరు మీ వ్యాసంలో ఎక్కడా వేయకండి, కృతజ్ఞతల్లో కూడా.

ప్రశ్న: నాకు ల్యాబ్ లేదు, పరికరాలు లేవు. అట్టముక్కలతో చేసిన ప్రయోగాన్ని శాస్త్రవేత్తలు పట్టించుకుంటారా?

జవాబు: పట్టించుకుంటారు. ఎమిలీ రోసా అనే అమెరికన్ బాలిక ప్రయోగం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. అప్పటికి ఆమెకు 11 ఏళ్లు. మనిషి చుట్టూ ఉండే శక్తిని చేతులతో పసిగట్టగలమనే 21 మంది చికిత్సకులను ఆమె పరీక్షించింది. వారు ఒక అడ్డు లోంచి రెండు చేతులూ చాపేవారు. ఆమె తన చేతిని వాటిలో ఒకదాని మీదుగా ఉంచేది. ఏ చేతి మీద అన్నది నాణెం ఎగరేసి తేల్చేది. 280 ప్రయత్నాల్లో వారు సరిగ్గా చెప్పింది 123, అంటే 44 శాతం. ఊరికే ఊహించినా సగం కుదరాలి. ఆ ప్రయోగానికి బలం ఇచ్చినవి అడ్డు, నాణెం, ముందే తేల్చుకున్న ప్రశ్న. మీ ప్రయోగంలో ‘ఏ ఫలితం వస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను’ అన్నది మొదలుపెట్టే ముందే తేదీ వేసి రాసుకున్నారా? నిపుణులు మొదట వెతికేది దాన్నే.

ప్రశ్న: తోటి విద్యార్థులు అరవై మందిని నిద్ర గురించి ప్రశ్నలడిగి వ్యాసం రాశాను. ఒక జర్నల్ వారు మూడు రోజుల్లో వేస్తాం, ముందు రుసుము కట్టమన్నారు. కట్టనా?

జవాబు: కట్టకండి. నిజమైన సమీక్ష మూడు రోజుల్లో పూర్తి కాదు. దిద్దుబాట్లు అడగకుండా ఒప్పేసుకునే చోట మీకు అభిప్రాయం దొరకదు, రసీదు మాత్రం దొరుకుతుంది. హైస్కూలు విద్యార్థుల పరిశోధనల కోసమే ‘జర్నల్ ఆఫ్ ఎమర్జింగ్ ఇన్వెస్టిగేటర్స్’ ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు చదివి దిద్దుబాట్లు చెబుతారు, పెద్దవారొకరు మార్గదర్శకులుగా ఉండాలి. అయితే మీకు వేరే చిక్కుంది. మనుషుల మీద చేసే పరిశోధనకు, అది ప్రశ్నావళి అయినా సరే, అనుమతి మొదలుపెట్టకముందే తీసుకోవాలి. విద్యార్థుల సైన్సు పోటీల్లోనూ ఇదే నియమం. తర్వాత తెచ్చుకున్న అనుమతి చెల్లదు. ఈ అరవై మంది జవాబులను సన్నాహక పరీక్షగా ఉంచుకోండి. ఏ ప్రశ్న అర్థం కాక ఎక్కువమంది వదిలేశారో చూసి దాన్ని మార్చండి. పాఠశాల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, పేర్లు రాయించకుండా, మళ్లీ మొదటి నుంచి అడగండి.