మూడున్నరేళ్లొచ్చినా స్ట్రోలర్ దిగనంటున్నాడు.. కాళ్లలో సత్తువ లేదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు లక్ష్మీపురం. మా బాబుకు మూడున్నరేళ్లు, బరువు పదిహేనున్నర కిలోలు. పదమూడో నెలలోనే నడక వచ్చింది. ఇంట్లో ఒక్కచోట కూర్చోడు, సోఫా మీద నుంచి దూకుతూనే ఉంటాడు. బయటికి వెళ్లామంటే మాత్రం స్ట్రోలర్ ఉండాల్సిందే. సాయంత్రం ఎన్టీఆర్ స్టేడియానికి వాకింగ్‌కు వెళ్తే, ముప్పావుగంట సేపూ వాడిని అందులో కూర్చోబెట్టి తోసుకుంటూ తిరుగుతాను. దించితే పది అడుగులు వేసి ఎత్తుకోమంటాడు. రాత్రి అన్నం కూడా అందులోనే కూర్చోబెట్టి, ఫోన్ చూపిస్తూ పెడుతున్నాను. లేకపోతే తినడు. ఇలా తోసుకుంటూ తిప్పితే వాడి కాళ్లలో సత్తువ ఎక్కణ్నుంచి వస్తుందని మా అత్తగారు రోజూ అంటున్నారు. నిలబడితే మోకాళ్లు రెండూ రాసుకుంటున్నట్టు ఉంటాయి కూడా. అమెరికాలో అయిదేళ్ల పిల్లలు కూడా స్ట్రోలర్లో తిరుగుతారు, ఏం కాదులే అంటారు మావారు. ఎప్పుడు మాన్పించాలి? మా ఆడపడుచుకు నాలుగో నెల పాప ఉంది, ఈ బండి ఆ పాపకు ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట, మీ బాబు సోఫా మీద నుంచి దూకుతున్నాడన్నది. దూకి, లేచి, మళ్లీ ఎక్కి దూకే పిల్లాడికి కాళ్లలో సత్తువ లేకపోవడం ఉండదు. బయట పది అడుగులకే ఎత్తుకోమంటున్నాడంటే అది అలవాటు. ఇంట్లో వాడికి నచ్చినట్టు తిరుగుతాడు, నచ్చినచోట ఆగుతాడు. స్టేడియంలో అలా కాదు, మీ అడుగుతో సమానంగా నడవాలి. మీరు వాకింగ్ చేసే వేగం అందుకోవాలంటే వాడు పరుగెత్తాల్సిందే. అలా ఎవరైనా పది నిమిషాల్లో చతికిలబడతారు.

స్ట్రోలర్ ఫలానా వయసులో ఆపేయాలని వైద్యంలో గీత గీసి చెప్పిందేమీ లేదు. బాగా నడిచే పిల్లలకు మూడేళ్లు దాటాక రోజువారీ అవసరం ఉండదన్నది మాత్రం పిల్లల డాక్టర్లు సాధారణంగా చెప్పే మాట. నేనూ అదే అంటాను. అయితే మీ ఇంట్లో వయసు సంగతి చర్చించేలోపే బరువు సంగతి తేలిపోయింది. సీటు కిందో, వెనక రాడ్డు మీదో స్టిక్కర్ ఉంటుంది, చూడండి. మన దగ్గర అమ్మే వాటిలో చాలా వాటికి 15 కిలోలే పరిమితి. 22 కిలోల దాకా మోసేవీ ఉన్నాయి కానీ తక్కువ. మీది 15 కిలోలదైతే బాబు ఇప్పటికే దాటేశాడు. దాటగానే విరిగి పడిపోతుందని కాదు. బ్రేకు వేసినా జారుతుంది, మడత దగ్గరి లాక్ వదులవుతుంది. దానికి తోడు హ్యాండిల్‌కు కూరగాయల సంచీ తగిలిస్తాం కదా, పిల్లాడు దిగిన మరుక్షణం బండి వెనక్కి తిరగబడుతుంది, లేదా వాడు లోపల ఉండగానే స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఒరిగిపోతుంది. సైడు కాల్వల మీద బండలు ఎగుడుదిగుడుగా ఉండే మన వీధుల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. పాదాలు నేలకు రాసుకుంటున్నా, తల సీటు పైఅంచు దాటినా, బెల్టు వాడే విప్పుకుని నిలబడుతున్నా, స్టిక్కర్ మీద ఏమున్నా సరే, ఆ బండి వాడికి చిన్నదైపోయినట్టే.

ఇక రోజులో ఎంతసేపు కట్టేసినట్టు కూర్చుంటున్నాడన్నది చూడాలి. అయిదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొన్ని సూచనలు ఇచ్చింది. స్ట్రోలర్ కానివ్వండి, బెల్టు ఉన్న కుర్చీ కానివ్వండి, ఒక విడతలో గంటకు మించి కూర్చోబెట్టొద్దంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా తిరగాలి, అందులో గంటసేపు రొప్పు వచ్చేలా ఆడాలి. ఫోన్, టీవీ కలిపి గంటకు మించకూడదు, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. మీ బాబుకు సాయంత్రం ముప్పావుగంట బండిలోనే పోతోంది. ఆడుకోవడానికి అంతకన్నా మంచి సమయం రోజులో ఇంకోటి లేదు, ఎండ తగ్గి ఉంటుంది, చుట్టూ మైదానం ఉంటుంది. రాత్రి అన్నం పేరుతో మళ్లీ అందులోనే.

నన్నడిగితే మొదట మాన్పించాల్సింది ఈ అన్నం అలవాటునే. వాకింగ్ సంగతి ఓ వారం ఆగినా ఫర్వాలేదు. సాధారణంగా ఏం జరుగుతుందంటే, స్ట్రోలర్ వీపు కాస్త వాలి ఉంటుంది, పిల్లాడి చూపు ఫోన్ మీద ఉంటుంది, నోట్లో ముద్ద ఉందన్న ధ్యాస ఉండదు. బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు. మీరు ‘మింగు, మింగు’ అంటూ ఇంకో ముద్ద పెడతారు. అదే సమయంలో ఫోన్లో ఏదో చూసి నవ్వాడంటే మెతుకు అడ్డం పడి పొలమారుతుంది. వాలుగా ఉన్నప్పుడు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఎక్కువ. ఆపైన బొజ్జ నిండిన సంగతి వాడికే తెలియదు, పాట అయిపోయేదాకా నోరు తెరుస్తూనే ఉంటాడు. మూడున్నరేళ్ల వాడు తన చేత్తో కలిపినది తాను తినగలడు. నేల మీద చాప వేసి, అందరితో పాటు వాడికీ చిన్న కంచం పెట్టండి. ముద్దపప్పు, నెయ్యి కలిపి నాలుగు ముద్దలు చేసి పెడితే వాడే తీసుకుంటాడు. సగం కింద పోస్తాడు, పోయనివ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువే తింటాడు, రెండు ముద్దలకే లేచిపోతాడు. వెంటపడకండి. మర్నాడు పొద్దున ఆకలితో ఇడ్లీ ఇంకోటి అడుగుతాడు. అన్నం తినలేదు కదా అని పడుకునే ముందు పెద్ద గ్లాసు పాలు పట్టిస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ఈ వయసులో రోజు మొత్తానికి అరలీటరు పాలు మించకూడదు. పాలతో కడుపు నింపుకునే పిల్లలు అన్నం, పప్పు, ఆకుకూరలు తినరు, రక్తహీనత వచ్చేది అక్కడే.

వాకింగ్ సంగతికి వస్తే, మీ నడక, వాడి ఆట ఒకేసారి కుదరవు. ఇది చెప్పినప్పుడు తల్లులు నొచ్చుకుంటారు, తమ ఆ కాస్త సమయం కూడా పిల్లాడికే ఇచ్చేయమంటున్నానని. అలా అనడం లేదు. మీ వ్యాయామం మీకు కావాలి. వీలైతే మీరు రౌండ్లు కొట్టే అరగంట వాడిని మీవారో, అత్తగారో మైదానంలో బంతితో ఆడించాలి. మీరొక్కరే వెళ్లేటట్టయితే పొద్దున పూట మీ నడక పెట్టుకుని, సాయంత్రం వాడి వేగంతో తిరగండి. ఆకు ఏరుకుంటాడు, చీమల బారు దగ్గర కూర్చుంటాడు, గట్టు ఎక్కి దిగుతాడు. అదే వాడికి వ్యాయామం.

బండిని ఒక్కసారిగా దాచేయకండి. ముందు కిరాణా కొట్టు దాకా, వీధి చివరి గుడి దాకా బండి లేకుండా వెళ్లండి. టిఫిన్ తిని హుషారుగా ఉన్నప్పుడే బయల్దేరండి, నిద్ర వేళకు కాదు. ఎత్తుకోమని ఏడిస్తే ఎత్తుకోకుండా, మీరూ వాడి పక్కన అరుగు మీద రెండు నిమిషాలు కూర్చోండి, మంచినీళ్లు తాగించండి, మళ్లీ లేవండి. ‘ఆ కరెంటు స్తంభం దాకా’ అంటే నడుస్తారు, ‘ఇంటి దాకా’ అంటే నడవరు. చెప్పులు కూడా ఓసారి చూడండి. పెరుగుతాడులే అని రెండు సైజులు పెద్దవి కొంటాం, అవి జారకుండా వేళ్లు ముడుచుకుని నడవడంతోనే పిల్లలు అలసిపోతారు. బొటనవేలి ముందు మీ వేలి వెడల్పంత జాగా, మడమ దగ్గర పట్టీ ఉంటే చాలు.

రోడ్డు మీద మాత్రం చెయ్యి వదలకండి. శంకర్ విలాస్ సెంటర్ లాంటి చోట, అమరావతి రోడ్డు దాటేటప్పుడు నడిపించి అలవాటు చేద్దామనుకోవద్దు, ఎత్తుకునే దాటండి.

మోకాళ్లు రాసుకోవడం గురించి భయం వద్దు. రెండేళ్లలోపు దొడ్డికాళ్లుగా ఉండి, మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు దగ్గరకొచ్చి, ఏడేళ్లకల్లా వాటంతటవే సర్దుకోవడం చాలామంది పిల్లల్లో మామూలే. స్ట్రోలర్ వల్ల కాళ్లు వంకరపోవు, నీరసపడవు. కాకపోతే నడిచే అలవాటు తప్పుతుంది, మీ అత్తగారు చూస్తున్నది అదే. మోకాళ్లు ఆనించి నిలబెట్టినప్పుడు చీలమండల మధ్య ఖాళీ 8 సెంటీమీటర్లు దాటినా, ఒక కాలే వంగినా, ఎత్తు సరిగా పెరగకపోయినా చూపించాలి.

ఈ మాట మీ బాబు గురించి కాదు, ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం. ఇంట్లో కూడా సరిగా నడవని, పద్దెనిమిది నెలలు నిండినా నడక రాని పిల్లల్ని ‘నిదానంగా వస్తుందిలే’ అని వదిలేయొద్దు. నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. చేతులతో తన మోకాళ్లు, తొడలు పట్టుకుని పాకుతున్నట్టు లేస్తున్నాడా? పిక్కలు లావుగా, గట్టిగా ఉన్నాయా? తరచూ పడిపోతున్నాడా, మెట్లు ఎక్కలేకపోతున్నాడా? మగపిల్లల్లో ఇవి కండరాల జబ్బుకు గుర్తులు కావచ్చు, సీపీకే అనే రక్తపరీక్షతో మొదలుపెడతాం. పొద్దున్నే కుంటుతూ లేచి మధ్యాహ్నానికి సర్దుకోవడం, కీలు వాయడం, ఇదివరకు నడిచిన దూరం ఇప్పుడు నడవలేకపోవడం, ఆడుతూ మధ్యలో గొంతుక్కూర్చుని ఆయాసపడటం, పాలిపోయి మట్టి, బలపాలు తినడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. లేచేటప్పుడు, నడిచేటప్పుడు ఫోన్లో వీడియో తీసి తెస్తే మాకెంతో సాయం, ఆస్పత్రిలో చాలామంది పిల్లలు నడవమంటే నడవరు. అంగన్‌వాడీ పిల్లలకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు ఉచితంగా పరీక్షలు చేస్తాయి, అక్కడ కూడా చెప్పొచ్చు. నరాల, కండరాల ఇబ్బందులున్న పిల్లలకు వయసెంతైనా బండి కావాలి, వాళ్లని చూసి ‘ఇంత పెద్దవాడు బండిలోనా’ అనడం సభ్యత కాదు.

మీవారి మాటా పూర్తిగా తప్పు కాదు. అక్కడ విశాలమైన ఫుట్‌పాత్‌లు, గంటల తరబడి నడిచే మాల్స్, విమానాశ్రయాలు ఉంటాయి, దూరం నడవాల్సిన రోజున వాడతారు. మీరూ విజయవాడ స్టేషన్లో గంటలకొద్దీ రైలు కోసం ఎదురుచూడాల్సిన రోజునో, అర్ధరాత్రి పెళ్లికి వెళ్లిన రోజునో వాడుకోవచ్చు, బరువుకు తగ్గ బండి ఉంటే. ఎండాకాలంలో మాత్రం నీడ కోసమని బండి మీద తుండు, చున్నీ కప్పకండి. గాలి ఆడక లోపల వేడి పేరుకుపోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట అసలు బయటికే తీయొద్దు.

మీ ఆడపడుచు పాపకు ఇప్పుడే ఇవ్వకండి. నాలుగో నెలలో మెడ పూర్తిగా నిలవదు, కూర్చోబెడితే గడ్డం ఛాతీకి ఆని ఊపిరి ఇబ్బంది కావచ్చు. సీటు పూర్తిగా బల్లపరుపుగా వాలేదైతే వాడొచ్చు, కాకపోతే పాప సొంతంగా కూర్చునే ఆరేడు నెలల దాకా ఆగండి. ఇచ్చే ముందు బ్రేకు, బెల్టు బకిల్, మడత లాక్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. మీ బాబు బరువుకు లాక్ వదులై ఉంటే ఇవ్వనే వద్దు, పాత సామాన్ల వాడికి వేసేయండి.